గడ పట్టిన ఆర్మెల్

ఫ్రాన్సులోని బ్రియేర్ చిత్తడిలో ఆడవాళ్ళు దోనె నడపడం కొత్తేమీ కాదు. నల్లమట్టి ఇటుకలు ఇంటికి చేర్చడానికీ, గొడ్లకు గడ్డి తేవడానికీ, పోయినవాళ్ళను గుడి ఉన్న లంకకు చేర్చడానికీ ఆర్మెల్ వాళ్ళమ్మ నడిపింది, అమ్మమ్మ నడిపింది. కానీ ప్రకృతి పార్కు చూడడానికి వచ్చే యాత్రికులను ఎక్కించుకుని, వాళ్ళ చేతిలో కెమెరాలు, తన చేతిలో గడ, అలా బయలుదేరిన మొదటి ఆడది మాత్రం ఆర్మెలే. అదీ మొగుడు పోయిన మరుసటి వసంతంలో.

ఆ ఉదయం రేవులో మగవాళ్ళంతా పని మానేసి చూశారు. పక్కింటి అన్సెల్మ్‌కు నోరు ఊరుకోదు.

"ఏమే ఆర్మెల్, ఆ గడ నీకంటే రెండింతలుంది. నువ్వు దాన్ని తోస్తావా, అది నిన్ను తోస్తుందా?"

"నీ నాలుక కంటే పొట్టిదేలే బాబాయ్," అంది ఆర్మెల్, తాడు విప్పుతూ.

నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వడం మానేసి అప్పటికే చాలా కాలమైంది. దానికి మొగుడు పోవడం ఒక్కటే కారణం కాదు.

ఆర్మెల్ పుట్టింది ఫెద్రాన్ లంకలో. ఆ లంకలో ప్రతి ఇంటికీ ముందు బాట, వెనక కాలవ. రెల్లుకప్పు కిందికి వంగి వంగి గడపను ముద్దు పెట్టుకుంటున్నట్టుండే ఇళ్ళు. తండ్రి వేసవిలో నల్లమట్టి కోసేవాడు, చలికాలంలో పరజ బాతులను కొట్టేవాడు. ఆ మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వేస్తే రాత్రంతా కనకన కాలుతుంది. ఇల్లంతా దాని పొగే. బడికి వెళితే పట్నం పిల్లలు ముక్కు మూసుకునేవారు.

ఆమెకంటే పెద్దది ఒడెట్. అక్కచెల్లెళ్ళిద్దరూ బడి మానగానే పెళ్ళి కిరీటాల కార్ఖానాలో చేరారు. బురదలో పుట్టి పెరిగిన ఆ లంకల ఆడపిల్లల చేతుల్లోంచే ఫ్రాన్సు దేశంలో సగం మంది పెళ్ళికూతుళ్ళ తలమీదికి నారింజ పూలు వెళ్ళేవి. నిజం పూలు కావు. గంజిపెట్టిన నూలుగుడ్డను రేకులుగా కత్తిరించి, తీగకు చుట్టి, కాగిన మైనంలో ముంచి తీసిన పూలు. మొగ్గలకైతే లోపల జిగురులో ముంచిన దూది. వేళ్ళ కొనలు కాలి కాలి, కొన్నాళ్ళకు వేడి తెలియకుండా పోయేది. పొయ్యిలోంచి నిప్పు తీసి చేత్తో పట్టుకుని మళ్ళీ వేసేది ఒడెట్, పందెం కోసం.

"మనం చేసిన కిరీటాలు పెట్టుకున్నవాళ్ళందరినీ వరసగా నిలబెడితే పారిస్ దాకా పోతుందే వరస," అనేది ఒడెట్, పళ్ళమధ్య తీగ కొరుకుతూ. "ఆ వరసలో నేనెక్కడుంటానో, నువ్వెక్కడుంటావో."

"నువ్వు ముందర. నేను చివర్న."

"చివర్నుంటే కిరీటాలు అయిపోతాయే మొద్దూ. నా వెనకే నిలబడు."

ఒడెట్ వరసలో ముందే నిలబడింది. ఆమెను చేసుకున్నవాడు సెలెస్తాన్. రెల్లు కోసేవాడు, దోనె నడిపేవాడు, మంచి గొంతున్నవాడు. పెళ్ళి కిరీటం ఆర్మెలే చేసింది. పక్కన పనిచేసే పిల్లలు ఇళ్ళకు పోయాక కూడా కూర్చుని, ఒక్కో మొగ్గనూ రెండేసిసార్లు మైనంలో ముంచింది. పెళ్ళయ్యాక దాన్ని అక్కడి ఆచారం ప్రకారం ఎర్ర మఖమలు దిండుమీద పెట్టి, గాజు గుమ్మటం మూసి, పొయ్యి పైనున్న అరమీద పెట్టారు.

సెలెస్తాన్‌కు మరదలిని ఏడిపించడం సరదా. "ఏమే మరదలా, మైనం తింటున్నావా ఏం? మాట బయటికి రాదు?" అనేవాడు. ఆర్మెల్ ఎర్రబడి, "పో బావా," అని మొహం తిప్పుకునేది. అంతే. అంతకంటే ఆ ఇంట్లో ఎవరి మనసులోనూ ఏమీ లేదు.

మరుసటి ఏడాది ఇరేన్ పుట్టింది. ఆ పిల్ల పాకడం మొదలుపెట్టిన శీతాకాలంలో, పందొమ్మిదివందల యాభై ఆరు ఫిబ్రవరిలో, పెద్ద చలి వచ్చింది. ఆ చలి చూసినవాళ్ళు ఇప్పటికీ ఏడాది చెప్పరు, 'ఆ చలి' అంటారు. చిత్తడి మొత్తం గడ్డకట్టింది. పక్షులు మంచులో కాళ్ళు ఇరుక్కుని అలాగే చచ్చిపోయాయి. పిల్లలు రెల్లు మధ్య జారుతూ ఆడుకునేవారు. అవతలి లంకలో సెలెస్తాన్ తల్లికి ఊపిరితిత్తుల జబ్బు చేసిందని కబురొచ్చింది. బాట మీద చుట్టూ తిరిగి వెళ్ళాలంటే సగం రోజు. మంచు మీద అడ్డంగా పోతే వంట చేసినంత సేపు. అందరూ అలాగే పోతున్నారు.

"పిల్లని చూస్తుండు, చీకటి పడేలోగా వచ్చేస్తాం," అంది ఒడెట్ చెల్లెలితో. మెడకు శాలువా చుట్టుకుంటూ, చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుంటూ. "పాలు మరీ వేడిగా పట్టకు. నీకు వేడి తెలీదు."

సాయంత్రం సెలెస్తాన్ ఒక్కడే వచ్చాడు. మోకాళ్ళ నుంచి కింద బట్టలు గడ్డకట్టి, నడుస్తుంటే ఇనప రేకుల్లా చప్పుడయ్యాయి. చేతిలో ఒక ఉన్ని తొడుగు. తొడుగును బల్లమీద పెట్టి దాని పక్కన కూర్చున్నాడు. లోతు కాలవ మలుపులో, కింద నీరు పారే చోట, మంచు పలచగా ఉంది. ఒడెట్ దిగబడింది. అతను పొట్టమీద పాకుతూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నది చేతిని కాదు, తొడుగును. అది ఊడి వచ్చింది.

ఈ సంగతి అతని నోట రావడానికి రెండు రోజులు పట్టింది. అంతా విని అత్తగారు, ఒడెట్ తల్లి, ఒకటే మాట అంది.

"చెయ్యి పట్టుకున్నవాడివి, గుడ్డ తెచ్చావా నాకు?"

ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు. ఎవరూ ఆవిడను ఊరుకోమనలేదు. మంచు కరిగాక ఒడెట్‌ను తెచ్చి పూడ్చిపెట్టారు.

పిల్ల ఆర్మెల్ చంకలోనే ఉండిపోయింది. ముందు వారం, తర్వాత నెల. కార్ఖానాకు వెళ్ళేటప్పుడు అమ్మ దగ్గర, వచ్చాక తన దగ్గర. సెలెస్తాన్ రెల్లు కోసుకొచ్చి, తిని, పిల్లను చూసి, తన ఇంటికి పోయేవాడు. ఏడాది తిరిగాక లంకలో గుసగుసలు మొదలయ్యాయి. పాదిరీ ఇంటికొచ్చి కాఫీ తాగి, అన్నీ ఆలోచించి చెబుతున్నట్టు చెప్పాడు. పిల్లకు తల్లి కావాలి, ఆర్మెల్ బావనే చేసుకోవాలి, అక్క మొగుణ్ణి చేసుకోవడానికి కావలసిన చర్చి పెద్దల అనుమతి తాను తెప్పిస్తానన్నాడు.

"నీకిష్టమేనా?" అని అడిగింది వాళ్ళమ్మ, పాదిరీ వెళ్ళాక.

"నన్నెవరు అడిగారు?" అంది ఆర్మెల్.

"నేనడుగుతున్నాగా."

"పిల్లని వేరేవాళ్ళ చేతికివ్వను. అంతే."

కార్ఖానా పెద్దావిడ స్వయంగా ఒక కిరీటం పట్టుకొచ్చింది. ఆర్మెల్ వద్దంది. మామూలు నల్లగౌనులో, తెల్లవారి పూజకు ముందు, గుడిలో నలుగురు ఉండగా పెళ్ళయిపోయింది. వేల కిరీటాలు కట్టిన పిల్ల తలమీద ఒక్క మొగ్గ లేదు. ఆ ఇంటికి వెళ్ళింది. పొయ్యి అరమీద గాజు గుమ్మటం కింద అక్క కిరీటం ఉంది. దాని కిందే ఆమె వంట.

ఆ తర్వాతి కాలం చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సెలెస్తాన్ కొట్టలేదు, తిట్టలేదు, తాగి పడిపోలేదు. మాట్లాడలేదు. పాట మానేశాడు. ఆమె అతన్ని బావా అని పిలవలేకపోయింది, పేరు పెట్టీ పిలవలేకపోయింది. 'ఇదిగో', 'భోజనం' అని చెబితే వచ్చి కూర్చునేవాడు. మలుగుచేప పులుసు వండినా, ఎండురొట్టె పెట్టినా ఒకేలా తినేవాడు. వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. ఇరేన్ ఆమెను పిన్నీ అని పిలిచింది. నిజానికి ఆ పిలుపు ఏ వైపు నుంచి చూసినా సరైనదే. కానీ పక్కింటి పిల్లలు అమ్మా అంటుంటే వినడం ఆర్మెల్‌కు కష్టంగానే ఉండేది.

పెళ్ళి ఫ్యాషన్లు మారి కార్ఖానా మూతపడింది. నల్లమట్టిని కొనేవాళ్ళు లేరు. మగవాళ్ళు ఓడల కార్ఖానాకు సైకిళ్ళమీద పోసాగారు. అప్పుడే చిత్తడంతా ప్రాంతీయ ప్రకృతి పార్కు అయింది. సైకిల్ బాటలు వేశారు, పక్షులు చూడడానికి మంచెలు కట్టారు, పాడుబడ్డ రెల్లు ఇళ్ళకు కొత్త కప్పు వేసి ప్రదర్శనశాలలు చేశారు. దోనె నడపగలిగినవాళ్ళను యాత్రికులను తిప్పమన్నారు. సెలెస్తాన్ ఓడల కార్ఖానా గోడల మధ్య ఉండలేనని దానికి ఒప్పుకున్నాడు.

పార్కు ఆఫీసు కుర్రవాడు బతిమాలేవాడు. "ఏవైనా కథలు చెప్పండి మెస్యే సెలెస్తాన్, వాళ్ళు వినడానికే వస్తారు."

"చెబుతున్నాగా."

"ఏం చెబుతున్నారు?"

"ఇవి నీళ్ళు. అది రెల్లు. అవి పక్షులు."

యాత్రికులకు అదే నచ్చింది. అసలైన బ్రియేర్ మనిషి అంటే ఇతనే అనుకున్నారు. అతని మౌనాన్ని ఫొటోలు తీసుకున్నారు.

డెబ్భై ఆరు వేసవిలో వాన చుక్క పడలేదు. కాలవలు అడుగంటాయి, బురద బీటలు వారింది. ఉత్తరాన ఎక్కడో నిప్పు అంటుకుంది. నల్లమట్టి నేలలో అంటుకున్న నిప్పు పైకి కనబడదు. గడ్డి పైన గడ్డిలాగే ఉంటుంది. కింద మాత్రం వేర్ల వెంట పాకుతూ, నేలను గుల్ల చేస్తూ పోతుంది. ఆ వైపు బాటలన్నీ పార్కువాళ్ళు మూసేశారు. దక్షిణాన నీళ్ళున్న చోట దోనెలు తిరుగుతూనే ఉన్నాయి. నిప్పు అంత దూరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆ రోజు సెలెస్తాన్ దోనెలో ఆరేడుగురు. ఒక మెరక దగ్గర కాళ్ళు చాపుకోవడానికి దించాడు. వాళ్ళలో ఒక అమ్మాయి, సైకిలు మీద ఒంటరిగా వచ్చిన పిల్ల, నారాయణపక్షిని దగ్గరగా ఫొటో తీద్దామని గడ్డిలోకి నడిచింది. పక్షి ఎగిరింది. అమ్మాయి నడుము దాకా, కింద మండుతున్న నేలలోకి పోయింది. అరుపు విని సెలెస్తాన్ పొట్టమీద పడుకుని పాకుతూ వెళ్ళాడట. ఒడ్డునున్నవాళ్ళు తర్వాత అలాగే చెప్పారు. ఆమె రెండు చంకల కిందా చేతులు వేసి, పైకెత్తి, గట్టి నేల వైపు విసిరేశాడు. ఆ ఊపుకు అతని కింద నేల విరిగిపోయింది. ఒడ్డునున్నవాళ్ళు అతని గడే అందించి అతన్ని లాగేసరికి ఆలస్యమైపోయింది.

నాంత్ నగరం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉన్నాడు. ఆర్మెల్ పక్కన కూర్చుంది. మొహం మీద కూడా కట్లు. ఒక కన్ను కనబడేది. ఆమెకేసి చూసేది. ఆమె ఎన్నో మాటలు అడగాలనుకుంది. "దాహమా?" అని తప్ప ఏమీ అడగలేకపోయింది. అతను తల కూడా ఊపలేదు. పోయాడు.

ఆ అమ్మాయి అదే ఊళ్ళో ఇంకో ఆసుపత్రిలో ఉందన్నారు. తర్వాత వాళ్ళ ఊరు తీసుకుపోయారన్నారు. పేరు బెనెడిక్త్ అని తెలిసింది. ఆర్మెల్ ఆమెను చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. కానీ ఆమె గురించి ఆలోచించడం మానలేకపోయింది. ముక్కూమొహం తెలియని పిల్ల కోసం నిప్పులోకి పోయాడు. ఇంట్లో ఇరవై ఏళ్ళు తన కోసం ఒక్క మాట పలకలేకపోయాడు. బతుకు అంత బరువయిందా తనతో? దొరికిన మొదటి దారిలో పోయాడా? ఇది ఎవరినైనా అడగదగ్గ ప్రశ్న కాదు. అందుకని లోపలే పెట్టుకుంది.

ఆ చలికాలం ఇల్లంతా నిశ్శబ్దం. అతను ఉన్నప్పుడూ నిశ్శబ్దమే, కానీ ఇది వేరు. అప్పటికి ఇరేన్ పెళ్ళి చేసుకుని ఓడల ఊళ్ళో కాపురముంటోంది. పార్కువాళ్ళు పెళ్ళి కిరీటాల ప్రదర్శనశాల పెడుతున్నాం, మీ ఇంట్లో గాజు గుమ్మటం ఉందటగా అని అడిగారు. ఆర్మెల్ రెండో ఆలోచన లేకుండా దించి ఇచ్చేసింది. అది వెళ్ళాక పొయ్యి అరమీద గుండ్రంగా దుమ్ము లేని మచ్చ మిగిలింది. తుడిచేసింది.

ఆదివారం వచ్చిన ఇరేన్ అర చూసింది.

"మా అమ్మది ఏది?"

"పార్కువాళ్ళకిచ్చాను."

"ఇచ్చావా? నన్నడక్కుండా?"

"నేనే చేశానది, ఈ చేతుల్తో."

"నువ్వు చేశావేమో, పెట్టుకుంది మా అమ్మ! దాన్ని తీసుకెళ్ళి పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూడ్డానికి బొమ్మ చేశావా? నీకెప్పుడూ అది కళ్ళల్లో పొడిచేదే. నాకు తెలీదా?"

ఆర్మెల్ కాదనలేదు. ఇరేన్ కాఫీ తాగకుండా వెళ్ళింది. ఆ తర్వాత పండగలకు వచ్చేది, పళ్ళెం ముందు కూర్చునేది, వాతావరణం గురించి మాట్లాడి పోయేది.

వసంతం రాగానే ఆర్మెల్ సెలెస్తాన్ దోనెకు తారు పూసి, నీళ్ళలోకి దించి, పార్కు ఆఫీసుకు వెళ్ళి నిలబడింది. వాళ్ళు కాదనలేకపోయారు. ఆ మెరక పక్కనుంచే రోజూ వెళ్ళేది. అక్కడ పార్కువాళ్ళు ఒక చెక్క పలక పెట్టారు, పైన నారాయణపక్షి బొమ్మ, కింద నల్లమట్టి ఎలా తయారవుతుందో నాలుగు వాక్యాలు. ఆమె అక్కడ దించేది కాదు. ఎవరైనా అడిగితే, "బాగుండదక్కడ," అనేది.

మొదటి ఏడాది నవ్విన మగవాళ్ళే రెండో ఏడాది ఆమెకు దోనె లాగిపెట్టారు. మూడో ఏటికి అన్సెల్మ్ తన భుజం నొప్పిని ఆమెకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అలా ఏళ్ళు గడిచాయి. జుట్టు తెల్లబడింది. రేకులు కత్తిరించిన వేళ్ళు గడ పట్టి పట్టి వంకర్లు పోయాయి.

ఒక సెప్టెంబరులో, బడులు తెరిచాక యాత్రికులు పలచబడ్డ రోజుల్లో, మధ్యాహ్నం వేళ ఒకావిడ ఒంటరిగా వచ్చింది. నలభై దాటిన మనిషి. వేడిగా ఉన్నా పొడుగు ప్యాంటు. కుడికాలు ఈడ్చి నడుస్తోంది. దోనె ఎక్కడానికి ఆర్మెల్ చెయ్యి అందించింది. ఆమె ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

లంక దాటి రెల్లు మధ్యకు వచ్చారు. ఆర్మెల్ అలవాటుగా చెప్పుకుపోతోంది, ఇది అందరి నేల, ఏ ఒక్కరిదీ కాదు, రెల్లు కోతలు డిసెంబరులో. మెరక కనబడగానే ఆవిడ రెండు చేతులతో దోనె అంచు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

ఆర్మెల్ గడ ఆపింది.

"నువ్వేనా?" అంది.

ఆవిడ తలూపింది. "బెనెడిక్త్. నేను... మీరు ఆయన భార్యేగా? రేవులో అడిగాను. చెప్పారు."

దోనె నీటి పోటుకు మెల్లగా పక్కకు తిరుగుతోంది. ఆర్మెల్ దాన్ని సరిచేయలేదు.

"ఎన్నేళ్ళయింది?" అంది ఆర్మెల్. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఇప్పుడు గుర్తొచ్చామా?"

"ప్రతి ఏడూ బయలుదేరాను మదాం. ఒకసారి నాంత్ స్టేషన్ దాకా వచ్చి వెనక్కెళ్ళాను. ధైర్యం చాలలేదు."

"ధైర్యమా? నాకు మర్నాటి నుంచే ధైర్యం కావాల్సొచ్చింది. చాలిందో లేదో ఎవరూ అడగలేదు. పొద్దున లేచి పొయ్యి వెలిగించుకోవాలిగా!"

బెనెడిక్త్ తల వంచుకుంది. ఏడవలేదు. ఏడిస్తే దోనె తిప్పేసి రేవులో దించేసేది ఆర్మెల్. ఆ తల వంచుకోవడం చూసి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గడను బురదలో గుచ్చి, దానికి ఆనుకుని నిలబడింది.

"ఎందుకొచ్చావు మరి?"

"మీకు చెందిన మాట ఒకటి నా దగ్గరుండిపోయింది. ఆయన నన్ను పట్టుకున్నప్పుడు మాట్లాడుతూనే ఉన్నారు."

"ఆయనా? మాట్లాడారా?"

"ఆపకుండా. 'పట్టుకున్నానే, పట్టుకున్నాను, ఈసారి వదల్ను. చెయ్యి కాదు, ఒళ్ళే పట్టుకున్నాను, చూడు' అని. మిమ్మల్ని పిలుస్తూ."

"నన్నా?"

"ఒడెట్, ఒడెట్ అంటూ. మీ పేరే చివరిదాకా. అది మీకు చెప్పాలని... ఇన్నాళ్ళూ..."

రెల్లు లోంచి ఏదో పిట్ట లేచిపోయింది. ఆర్మెల్ దాన్ని చూస్తూ నిలబడింది. అవునంటే సరిపోయేది. ఆ మనిషి తేలికపడి వెళ్ళిపోయేది. ఆ క్షణంలో ఆర్మెల్‌కు అబద్ధం నోటిదాకా వచ్చిన మాట నిజమే. తన పేరు కాని పేరును ఒక్క మధ్యాహ్నం తనదిగా పెట్టుకుంటే ఎవరికి నష్టం? కానీ అక్క పేరు అది.

"నేను ఆర్మెల్‌ని," అంది. "ఒడెట్ మా అక్క. ఆయన మొదటి భార్య. మంచులో దిగబడి పోయింది. ఆయన పట్టుకోబోతే చేతి తొడుగు ఊడొచ్చింది."

బెనెడిక్త్ మొహం పాలిపోయింది. "అయ్యో. నేను మీకు... ఇది చెప్పకుండా ఉండాల్సింది. నన్ను క్షమించండి."

"ఉండు," అంది ఆర్మెల్. "మళ్ళీ చెప్పు. ఏమన్నాడో మొత్తం చెప్పు."

బెనెడిక్త్ మళ్ళీ చెప్పింది. ఆర్మెల్ కళ్ళు మూసుకుని వింది. ఇరవై ఏళ్ళు పక్కన పడుకుని ఆమె వినని గొంతును, పరాయి మనిషి నోట్లోంచి వింది. అందులో తన కోసం ఏమీ లేదు. వెతికినా లేదు. అది కత్తిలా దిగింది. కానీ ఇన్నేళ్ళూ తాను అనుకున్నదీ అందులో లేదు. అతను తననుంచి పారిపోలేదు. చావాలనీ పోలేదు. మంచు మీద తెగిపోయిన పనిని పూర్తి చేయడానికి పోయాడు. అంతే. ఆమె దారిలోనే లేదు, అడ్డంగానూ లేదు.

"పూర్తయిందనుకున్నాడా?" అని అడిగింది ఆర్మెల్.

"ఏమిటి మదాం?"

"నిన్ను విసిరేశాక. ఏమైనా అన్నాడా?"

బెనెడిక్త్ ఆలోచించింది. "నవ్వారనుకుంటా. నేను స్పృహలో లేను సరిగ్గా. నవ్వినట్టే అనిపించింది."

ఆర్మెల్ గడ పీకి దోనె తిప్పింది. రేవులో దిగేటప్పుడు బెనెడిక్త్ ఆమెను కౌగిలించుకోబోయింది. ఆర్మెల్ ఒప్పుకోలేదు. చెయ్యి మాత్రం అందించింది.

"మళ్ళీ రాకు," అంది. తిట్టినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టే. "నాకు నీమీద కోపం లేదనలేను. ఉంది. పోదు. కానీ నువ్వు బతికున్నావు, అది మంచిదే. వెళ్ళు."

బెనెడిక్త్ బాట వెంట కాలు ఈడ్చుకుంటూ వెళ్ళడం అన్సెల్మ్ చూశాడు. ముసలాయన, రేవులో బల్లమీద కూర్చుని ఉంటాడు రోజూ. "ఎవరే ఆవిడ?" అన్నాడు. "ఎవరో యాత్రికులు," అంది ఆర్మెల్. ఆయన మరేమీ అడగలేదు. ఆయనకు తెలుసేమో.

ఆదివారం ఇరేన్ వచ్చింది. కాఫీ పోస్తూ ఆర్మెల్ మొత్తం చెప్పింది, మాట మింగకుండా. ఇరేన్ వింటూ చెంచా తిప్పుతూనే ఉంది. కాఫీ చల్లారిపోయింది.

"అమ్మని పిలిచాడా," అంది చివరికి.

"అవును."

"నిన్ను కాదు."

"నన్ను కాదు."

ఇరేన్ ఆమె చేతులకేసి చూసింది. వంకరపోయిన వేళ్ళు, గడ ఒరుసుకున్న కాయలు. తర్వాత లేచి కోటు వేసుకుంది. వెళ్ళిపోతుందనుకుంది ఆర్మెల్.

"పిన్నీ, దోనె రేవులోనే ఉందా?"

"ఉంది. ఏం?"

"నన్నక్కడికి తీసుకెళ్ళు. అమ్మ పోయిన చోటికి. నేనెప్పుడూ చూడలేదు. నాన్ననడిగితే లేచి బయటికి పోయేవాడు. నిన్నడగాలంటే..."

"అడక్కపోయావా?"

"అడిగితే నువ్వు ఏడుస్తావేమోనని భయం."

బయట సన్నగా గాలి. ఆర్మెల్ గడ పట్టింది. ఇరేన్ ముందు కూర్చుంది, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, యాత్రికుల్లాగే. లోతు కాలవ దాకా వెళ్ళేసరికి అరగంట పైనే పట్టింది. పార్కువాళ్ళు ఆ మధ్య పూడిక తీయించారు. ఒకవైపు గట్టు వంకర తీసేసి నిటారుగా చేశారు. పడవల కోసం తెల్ల గుర్తులు పాతారు. ఆర్మెల్ దోనెను మెల్లగా అటూ ఇటూ తిప్పింది. ఒకచోట ఆపింది. మళ్ళీ కొంచెం ముందుకు పోయింది.

"ఇక్కడేనా?" అంది ఇరేన్.

"ఇక్కడో, ఆ గుర్తు దగ్గరో. తెలీడం లేదే. అప్పుడు గట్లు కనబడలేదు, కాలవ కనబడలేదు. అంతా ఒకటే తెలుపు."

నీళ్ళు గోధుమరంగులో కదులుతున్నాయి. రెండు నల్ల నీటికోళ్ళు ఈదుకుంటూ రెల్లులోకి పోయాయి. ఇరేన్ చెయ్యి నీళ్ళలో పెట్టి, చల్లగా ఉందని వెంటనే తీసేసింది. ఆర్మెల్ గడను పక్కన పెట్టి, దోనె అడుగున కూర్చుంది. గాలికి దోనె దాని ఇష్టమొచ్చిన వైపు పోసాగింది. ఇద్దరూ దాన్ని ఆపలేదు.